పునీత దేవసహాయముగారి జీవితము

మహాసభా సంచికలయందు పూర్వపురుషుల చరిత్రములను ప్రకటించుట సంఘములకు పరిపాటి. తమ వంశమువారి ఘనతను పిల్లలకు తెలుపుటయే దాని ప్రయోజనము. ఈ వ్యాసమునందు మాత్రము మన కులమువాడును, మన భాషవాడును గాని యొక మహాపురుషుని చరిత్రమును సోదరులకు విన్నవింప దలంచితిమి. ఉన్నతకులమున జనించి, రాజసేవలో గౌరవము గాంచి, సర్వేశ్వరునికొరకు ఆ రెంటిని త్యజించిన యీ వేదసాక్షి కథ కులసభయందే ముందుగా వినదగినది. దాని కారణము తుదకు పాఠకులకే తేటపడగలదు.

కన్యాకుమారికి చేరువనున్న నట్టాలమను గ్రామమున 1712 సంవత్సరము ఏప్రిలు 23వ తేదీన ఆయన జన్మించెను. ఆ గ్రామము నాడు తిరువాన్కూరు రాజ్యములోనిది. నేడు తమిళనాడునందలి కన్యాకుమారి జిల్లాలో నున్నది. తండ్రి నంబూద్రి బ్రాహ్మణుడు. తల్లి నాయరు కులస్త్రీ. ఆ కులమున వంశక్రమము తల్లివైపునుండి వచ్చును గావున, శిశువు మేనమామ యింటనే పెరిగెను. తలిదండ్రులు పెట్టిన పేరు నీలకంఠుడు. కులగౌరవమును దెలుపు పిళ్ళై యను బిరుదు దానికి జతయయ్యెను. సంస్కృతము, తమిళము, మలయాళము నేర్చి, విలువిద్యయందును ఆరితేరి, యౌవనమున పద్మనాభపురమందలి నీలకంఠస్వామి దేవాలయమున ఉద్యోగియై, పిదప మార్తాండవర్మ మహారాజుగారి కొలువున చేరెను. భార్గవి యను కులస్త్రీని పెండ్లాడెను. ధనము, మాన్యత, రాజానుగ్రహము, దైవభక్తి అన్నియు సమకూరిన సంసారము అది.

1741వ సంవత్సరమున కొళచ్చల్ రేవుకడ తిరువాన్కూరు సేనలకును డచ్చివారికిని జరిగిన యుద్ధమున డచ్చివారు ఓడిపోయిరి. పట్టుబడిన సేనానులలో యూస్టేషియస్ డి లనాయ్ అను కతోలికుడు ఒకడు. మహారాజు గుణగ్రాహి గావున అతనిని చెరసాలలో మగ్గనీయక తన సైన్యమునకు శిక్షకునిగా నియమించెను. ఉదయగిరి కోట పని అతని పర్యవేక్షణముననే సాగెను. (ఇది మన నెల్లూరు సీమలోని ఉదయగిరి గాదు, పద్మనాభపురము చెంతనున్న వేరొక కోట.) రాజకార్యముల మూలమున నీలకంఠునికిని ఆ విదేశీయునికిని స్నేహము కుదిరెను.

ఆ దినములలో నీలకంఠుని కుటుంబమునకు కష్టములు వరుసగా వచ్చెను. పశువులు చచ్చెను, పంటలు నశించెను, ఆస్తి తరిగెను. తాను నిత్యము పూజించుచుండగా ఈ ఆపదలేల కలుగవలెనని ఆయన మిక్కిలి కుందెను. స్నేహితుని ముఖము చూచి దుఃఖమును గ్రహించిన డి లనాయ్, సర్వము గోల్పోయియు దేవుని విడువని యోబు కథను ఆయనకు వినిపించెను. పోయిన సొత్తును మరల తెప్పించు మంత్రమేదియు ఆ కథలో లేదు. కష్టము పాపమునకు శిక్షయే యని యెంచనక్కరలేదనియు, దుఃఖములో నున్నవానిని దేవుడు విడనాడలేదనియు మాత్రమే అది చెప్పుచున్నది. ఆ మాట నీలకంఠుని హృదయమున నాటుకొనెను. ప్రశ్నమీద ప్రశ్న వేయుచు, సత్యవేదమును గూర్చి ఆయన విచారణ మొదలిడెను.

తుదకు జ్ఞానస్నానము పొంద నిశ్చయించి, రాజ్యపు టెల్లకు ఆవలనున్న వడక్కన్‌కుళమునకు పోయి, యేసుసభ గురువైన బుత్తారి స్వాములవారిని ఆశ్రయించెను. రాజోద్యోగి మతము మారినచో కలుగు ప్రమాదము ఎట్టిదో స్వాములవా రెరుగుదురు. నీలకంఠుని దృఢసంకల్పమును జూచి, 1745 సంవత్సరము మేనెలలో జ్ఞానస్నాన మొసగిరి. అప్పుడు లాజరు అను పేరు పెట్టబడెను. దేవుడు సహాయము చేసెనని ఆ హెబ్రీ నామమునకు అర్థము. దానినే దేశభాషలో దేవసహాయమనిరి. తరువాత భార్యయు భర్త మార్గము ననుసరించి తెరెసా నామమున జ్ఞానస్నానము పొందెను. భర్తకు రాజకోపము తగులునేమో యన్న భయము ఆమెకు లేకపోలేదు; భయమున్నను వెనుదీయకుండుటయే ఆమె ధైర్యము.

దేవసహాయము రహస్యముగా ప్రార్థించుకొని, బయట పూర్వపు మర్యాదలనే పాటించుచు నుండిన, బహుశః ఎవరును ఆయన జోలికి వచ్చియుండరు. ఆయన అట్లు చేయలేదు. ఒకే తండ్రిని పరలోక జపమున స్మరించువారు ఒకరినొకరు అంటరానివారని యెంచుట ఎట్లు పొసగునని ఆయనకు తోచెను. అందుచే, తక్కువ కులములవారని లోకము త్రోసివేసిన వారితో కలిసి తిరిగెను. వారితో కలిసి భుజించెను. మనుష్యులందరు సమానులని బాహాటముగా చెప్పెను. ఈ నడవడి పై కులములవారికి కంటకమాయెను. మతము మారినందుకు కలిగిన కోపము ఒకయెత్తు, కులకట్టుబాటును త్రెంచినందుకు కలిగిన కోపము ఒకయెత్తు. రాజద్రోహ నేరము మోపి 1749 సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన ఆయనను బంధించిరి.

అటుపిమ్మట దాదాపు మూడేండ్లు ఆయన సంకెళ్ళలోనే గడపెను. కొరడాలతో కొట్టి, గాయములలో కారము పూసి, ఎండలో నిలిపిరి. మెడలో జిల్లేడు పూలదండ వైచి, యమవాహనమైన దున్నపోతుపై నెక్కించి ఊరూర త్రిప్పిరి. నిన్నటివరకు రాజసభలో మన్ననలందిన వానికి దేహబాధకంటె ఈ అవమానమే దుర్భరమని వారి తలంపు. ఆయన మాత్రము తనకంటె ముందు ముండ్లకిరీటము ధరించిన ప్రభువును ధ్యానించుచు నోర్చుకొనెను. దాహమునకు నీరు దొరకని వేళ పులియూర్‌కురిచ్చికడ ఆయన ప్రార్థింపగా బండనుండి నీరు పుట్టెనని భక్తులు నేటికిని చెప్పుకొని, ఆ స్థలమును దర్శింతురు.

పెరువిలై యను చోట ఆయనను నెలలతరబడి ఒక వేపచెట్టునకు కట్టివేసిరి. ఎండకు ఎండి, వానకు తడిసి, రాత్రింబవళ్ళు ఆ చెట్టు క్రిందనే యుండెను. అచ్చటనే ప్రార్థన యొక్క మహిమ లోకమునకు వెల్లడి యాయెను. చేతులు కట్టబడినను జపమాల మనస్సున నడచుచునే యుండెను. శిక్షింపబడిన ద్రోహిని జూడ వచ్చిన జనులు తమ రోగములను, ఇంటి కష్టములను చెప్పుకొని, ప్రార్థన కోరి పోవుచుండిరి. కావలివారును ఆయన శాంతమునకు ఆశ్చర్యపడిరి. తుదకు జనసమ్మర్దము పెరిగినందున ఆయనను ఆరల్వాయ్‌మొళికి తరలింపవలసి వచ్చెను. ఈ చెరకాలముననే, 1750 జనవరిలో, మార్తాండవర్మ తన రాజ్యమును శ్రీపద్మనాభస్వామికి సమర్పించి, తాను స్వామి దాసుడనని ప్రకటించెను. రాజును తన యిష్టదైవమునకు దాసుడే. ఖైదీయు తన దేవునికి దాసుడే. అయినను ఆ యిద్దరి నడుమ కులకట్టుబాటును, అధికారమును గోడవలె నిలిచెను.

1752 సంవత్సరము జనవరి 14వ తేదీ రాత్రి, ఆరల్వాయ్‌మొళి సమీపమున కాట్టాడిమలకు ఆయనను కొనిపోయి, భటులు తుపాకులతో కాల్చి చంపిరి. అప్పటికి నలువదేండ్లు నిండలేదు. జ్ఞానస్నానము పొంది ఏడేండ్లయినను కాలేదు. శరీరమును అడవిలో పారవైచిరి. కొన్ని దినములకు విశ్వాసులు అస్థులను సేకరించి, కోట్టారులోని పునీత ఫ్రాన్సిస్ శౌరివారి దేవాలయమున పీఠము నెదుట సమాధి చేసిరి. నేడది నాగర్‌కోయిలునందలి ప్రధాన దేవాలయమై వెలయుచున్నది. భార్య తెరెసా తన శేషజీవితమును వడక్కన్‌కుళముననే గడపెను.

శ్రీసభ తొందరపడదు. రెండున్నర శతాబ్దములకు పైగా ప్రజలు ఆ సమాధికడ మోకరించుచునే యుండిరి. 2012 డిసెంబరు 2వ తేదీన నాగర్‌కోయిలున ఆయన ధన్యుడుగా ప్రకటింపబడెను. 2022 మే 15వ తేదీన రోమునగరమున ఫ్రాన్సిస్ పోపుగారు ఆయనను పునీతుల జాబితాలో చేర్చిరి. గురువును, మఠవాసియు గాక, సంసారియైన భారతీయుడు పునీతుడగుట అదియే ప్రథమము. ఆయన మరణదినమైన జనవరి 14వ తేదీయే ఉత్సవదినము. మన యిండ్ల సంక్రాంతి పండుగ దినములలోనే అది వచ్చుచుండును.

ఈ ప్రకటనకు ముందు జరిగిన యొక చిన్న సంగతి మన సభకు మిక్కిలి ముఖ్యమైనది. ధన్యుడైనపుడు పత్రములలో ఆయన పేరునకు పిళ్ళై యను బిరుదు జతగా నుండెను. కులమును విడిచినందులకు ప్రాణమిచ్చిన వానికి కులనామమును తగిలించుట తగదని కొందరు విన్నవింపగా, రోమునగరమువారు దానిని తొలగించిరి. ఆయన చంపబడుటకు సిద్ధపడి విడిచినదానిని ఆయన చరిత్రము వ్రాయువారు విడుచుటకు 270 ఏండ్లు పట్టెను.

ఇంకొక సంగతి. ఆయనకు జ్ఞానస్నానమైన వడక్కన్‌కుళముననే, 19వ శతాబ్దమున, కులములవారు వేరువేరుగా కూర్చుండునట్లు దేవాలయమును గోడతో రెండు భాగములుగా కట్టుకొనిరి. ఆ గోడ 1910లో కూల్చబడెను. దానిపై వ్యాజ్యము నడచి, ప్రత్యేక స్థానమును కోరినవారి వాదము మద్రాసు హైకోర్టునందును నిలువలేదు. పునీతుని జ్ఞానస్నానమును చూచిన గ్రామమునకే ఆయన ఉపదేశము రుచింప నింత కాలము పట్టినప్పుడు, తక్కినవారి మాట చెప్ప నేల?

సోదరులారా, సంఘము చెడ్డదని మేమనుట లేదు. పేద విద్యార్థికి వేతనము, విధవకు సాయము, నిరాధారునికి ఆశ్రయము కల్పించుట సంఘము చేయు సత్కార్యములు. అవి వర్ధిల్లుగాక. అయితే మన సత్రమున ఒక పంక్తిలో కూర్చుండుటకు ఎవరికైన సందేహము కలిగినయెడల, మన దానము మన గుమ్మముకడనే ఆగిపోయినయెడల, పెరువిలై వేపచెట్టు క్రింద సంకెళ్ళతో నిలిచిన ఆ పెద్దమనిషిని ఒక్కమారు స్మరింతము. ఆయన ఆయుధము పట్టలేదు, ఎవరిని దూషింపలేదు. ప్రార్థించెను, తనతో సమానులని నమ్మినవారితో కలిసి భుజించెను, దానికి వెల యిచ్చెను.

ఈ మహాసభకు విచ్చేసిన పోషకులకును, సోదర సోదరీమణులకును సర్వేశ్వరుడు ఆయురారోగ్యములతోపాటు అట్టి ధైర్యమును ప్రసాదించుగాక.