ఆంటోనియో దె టోర్రెస్ హురాదో

ఆంటోనియో దె టోర్రెస్ హురాదో (1817 జూన్ 13 - 1892 నవంబర్ 19) స్పెయిన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ గిటారు తయారీదారు. నేడు ప్రపంచమంతటా కచేరీలలో వినిపించే శాస్త్రీయ గిటారుకు ఆకారాన్నీ, కొలతలనూ స్థిరపరచినవారిలో ఇతడు అగ్రగణ్యుడు. వయొలిన్ చరిత్రలో ఇటలీకి చెందిన స్ట్రాడివారికి ఉన్న స్థానం గిటారు చరిత్రలో టోర్రెస్‌కు ఉన్నదని చెబుతారు. వృత్తిరీత్యా వడ్రంగి అయిన ఇతడు ముప్పై ఏళ్ళు దాటిన తరువాతనే గిటార్ల తయారీని ప్రధాన వృత్తిగా స్వీకరించాడు. రంగురంగుల చెక్కముక్కలను పొదిగి అపురూపమైన నగిషీలు తీర్చగల నేర్పు ఉన్నప్పటికీ, వాద్యం గొప్పతనం అలంకారంలో గాక దాని ముందుపలకలో ఉన్నదని నమ్మాడు. ఆ నమ్మకాన్ని ప్రయోగం ద్వారా నిరూపించడానికి పూనుకున్నాడు.

బాల్యం, తొలి కష్టాలు

టోర్రెస్ దక్షిణ స్పెయిన్‌లోని అల్మేరియా సమీపాన లా కన్యాదా దె సాన్ ఉర్బానో అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి పన్నులు వసూలు చేసే చిరుద్యోగి. టోర్రెస్ 12 ఏళ్ళ వయసులో వడ్రంగి పని నేర్చుకోవడానికి శిష్యరికంలో చేరాడు.

1833లో స్పెయిన్ సింహాసనం కోసం అంతర్యుద్ధం మొదలైంది. యువకులను నిర్బంధంగా సైన్యంలో చేర్చుకోసాగారు. టోర్రెస్‌ను కూడా తీసుకున్నారు గానీ, ఆరోగ్యం సరిగా లేదనే సాకుతో తండ్రి అతన్ని విడిపించుకున్నాడు. అవివాహితులనూ, సంతానం లేని విధురులనూ మాత్రమే సైన్యంలోకి తీసుకునేవారు కనుక, 1835లో కుటుంబసభ్యులు హడావుడిగా 13 ఏళ్ళ హువానా మరియా లోపెజ్‌తో అతని వివాహం జరిపించారు. వారికి ముగ్గురు ఆడపిల్లలు పుట్టగా ఇద్దరు చిన్నతనంలోనే మరణించారు. 1845లో భార్య కూడా క్షయవ్యాధితో 23 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ఆ సంవత్సరాలలో టోర్రెస్ అప్పులతోనూ సతమతమయ్యాడు.

సెవిల్ నగరంలో

భార్య మరణం తరువాత టోర్రెస్ సెవిల్ నగరానికి చేరి, సెర్రహెరియా వీధిలో మాన్యుయెల్ దె సోటో అనే మరొక గిటారు తయారీదారుతో కలిసి దుకాణం నడిపాడు. 1850వ దశకంలో ప్రసిద్ధ గిటారు విద్వాంసుడు హూలియాన్ ఆర్కాస్‌తో ఏర్పడిన పరిచయం ఇతని జీవితాన్ని మలుపు తిప్పింది. ఆర్కాస్ కూడా అల్మేరియా ప్రాంతం వాడే. గిటార్ల తయారీకే పూర్తిగా అంకితం కావలసిందిగా అతడు టోర్రెస్‌ను ప్రోత్సహించాడు. వాద్యం ఎలా పలకాలో వాయించేవాని దృష్టితో సలహాలిచ్చాడు.

1856లో టోర్రెస్ చేసిన గిటారు లా లియోనా (ఆడసింహం) అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. దీనిలో నాదరంధ్రం నుండి పెట్టె లోపలికి తోర్నావోస్ అనే లోహపు గొట్టం అమర్చాడు. 1858లో సెవిల్‌లో జరిగిన ప్రదర్శనలో ఇతని గిటారు లా కుంబ్రె (శిఖరం)కు కంచు పతకం లభించింది.

ముందుపలక నిర్మాణం

గిటారు తీగ చాలా సన్నగా ఉంటుంది కనుక, మీటినప్పుడు అది స్వయంగా కదిలించగల గాలి స్వల్పం. ఆ కంపనం బ్రిడ్జి ద్వారా ముందుపలకకు చేరి, పలక మొత్తం కంపించినప్పుడే ధ్వని బిగ్గరగా వినిపిస్తుంది. పలక ఎంత తేలికగా ఉంటే అంత సులభంగా కంపిస్తుంది. అయితే మరీ పలుచనైతే తీగల లాగుడుకు వంగిపోతుంది లేదా పగిలిపోతుంది. గిటారు చేసేవారందరికీ ఎదురయ్యే చిక్కు ఇదే.

టోర్రెస్ ఈ చిక్కును పలు విధాల పరిష్కరించాడు. పెట్టె పరిమాణాన్ని పెంచాడు. స్ప్రూస్ కలపతో చేసిన ముందుపలకను మునుపటికంటే పలుచగా చిత్రిక పట్టి, నిలువునా అడ్డంగా కొద్దిపాటి ఉబ్బు వచ్చేలా అమర్చాడు. పలక లోపలివైపు సన్నని చెక్కబద్దలను విసనకర్ర పుల్లల వలె సరేసుతో అతికించాడు. సాధారణంగా ఇవి ఏడు ఉంటాయి. ఇటువంటి బద్దలను ఇతనికి ముందే స్పెయిన్‌లో కొందరు వాడారు. ఆ పద్ధతిని కచ్చితమైన జ్యామితితో, గాలిపటం వంటి ఆకారంలో క్రమబద్ధం చేసి పరిపూర్ణతకు తెచ్చిన ఘనత టోర్రెస్‌ది. తీగ పొడవు సుమారు 650 మిల్లీమీటర్లు ఉండటం కూడా ఇతని వాద్యాల వల్లనే స్థిరపడింది.

పొదుగుడు పని

గిటారు నాదరంధ్రం చుట్టూ కనిపించే వలయాకారపు అలంకారం రంగులతో వేసినది కాదు, చెక్కలో చెక్కను పొదిగినది. వేరువేరు రంగుల పలుచని చెక్క పొరలను నిర్ణీత వరుసలో పేర్చి, సరేసుతో అతికించి దిమ్మెగా చేస్తారు. ఆ దిమ్మెను అడ్డంగా కోస్తే ప్రతి బిళ్ళపైనా ఒకే చిత్రం వస్తుంది. ముందుపలకలో వలయంగా గాడి తొలిచి, ఆ బిళ్ళలను ఒకదాని పక్కన ఒకటి పొదిగి, ఆరిన తరువాత పలకతో సమంగా నునుపు చేస్తారు. పెట్టె అంచుల వెంట కూడా ఇటువంటి చెక్క పట్టీలను పొదుగుతారు. ఇవి అందానికే కాక, అంచుకు దెబ్బ తగలకుండా, చెక్క కొసలలోకి తేమ చేరకుండా కాపాడతాయి.

ఈ పనిలో టోర్రెస్ సిద్ధహస్తుడు. పతకం పొందిన లా కుంబ్రె గిటారును చేపముల్లు ఆకారపు పట్టీలతో విశేషంగా అలంకరించాడు. అయితే ఇతడు అన్ని గిటార్లకూ ఇంత నగిషీ చేయలేదు. కొనేవారి స్తోమతను బట్టి ఖరీదైన రోజ్‌వుడ్‌తోనూ, స్పెయిన్‌లో చవకగా దొరికే సైప్రస్‌తోనూ వాద్యాలు చేశాడు. నిరాడంబరమైన గిటార్లలో సైతం ముందుపలక పనితనంలో లోపం కనిపించదు.

కాగితపు గిటారు

నాదానికి మూలం ముందుపలకయేనని నిరూపించడానికి టోర్రెస్ 1862లో ఒక విచిత్రమైన గిటారు తయారుచేశాడు. దీని ముందుపలక మామూలుగానే చెక్కతో చేసినది. వెనుకభాగాన్నీ, పక్కలనూ మాత్రం కాగితపు గుజ్జుతో చేసిన అట్టతో నిర్మించాడు. విలువైన కలప లేకున్నా గిటారు పలుకుతుందని దీని ద్వారా చూపించాడు. ఈ గిటారు బార్సిలోనాలోని సంగీత మ్యూజియంలో ఉంది. ఇది ప్రస్తుతం వాయించదగిన స్థితిలో లేదు.

టారెగాతో పరిచయం

1869లో 17 ఏళ్ళ ఫ్రాన్సిస్కో టారెగా గిటారు కొనడానికి సెవిల్ వచ్చాడు. టోర్రెస్ మొదట తన వద్దనున్న ఒక సాధారణమైన గిటారును చూపించాడు. టారెగా వాయించడం విన్న తరువాత, 1864లో తనకోసం చేసుకొని దాచుకున్న గిటారును తెచ్చి ఇచ్చాడు. టారెగా దానిని సుమారు ఇరవై సంవత్సరాలు వాయించాడు. తరువాతి కాలంలో టారెగా, అతని శిష్యుల కచేరీల ద్వారా టోర్రెస్ గిటార్ల ఖ్యాతి దేశదేశాలకు వ్యాపించింది.

అల్మేరియాలో మలిదశ

ఖ్యాతి వచ్చినా గిటార్ల వల్ల కుటుంబం గడవడం కష్టమైంది. 1868లో హోసెఫా మార్టిన్‌ను రెండవ వివాహం చేసుకున్న టోర్రెస్, 1870 ప్రాంతంలో సెవిల్‌లోని దుకాణం మూసివేసి అల్మేరియాకు తిరిగివెళ్ళాడు. అక్కడ దంపతులిద్దరూ పింగాణీ, గాజు సామాన్ల అంగడి నడిపారు. సుమారు 1875 నుండి టోర్రెస్ తీరిక వేళల్లో మళ్ళీ గిటార్లు చేయసాగాడు. ఈ దశలో చేసిన వాద్యాల చీటీలపై రెండవ దశ అని ముద్రించి, వరుస సంఖ్య వేసేవాడు. 1883లో భార్య మరణించిన తరువాత ఈ పనికే ఎక్కువ సమయం కేటాయించి, ఏటా సుమారు 12 గిటార్లు చేశాడు.

వృద్ధాప్యంలో వణికే చేతులతో సున్నితమైన పని చేయడం కష్టమైనప్పుడు, యువకుడైన హువాన్ మార్టినెజ్ సిర్వెంట్ ఇతనికి సహాయపడేవాడు. తరువాత మతాచార్యుడైన సిర్వెంట్ 1931లో రాసిన లేఖలో టోర్రెస్ జ్ఞాపకాలను పదిలపరచాడు. రహస్యాన్ని లోకానికి చెప్పమని అడిగినవారికి, అది తన బొటనవేలు, చూపుడువేలు కొనల స్పర్శలో ఉన్నదనీ, తనతోపాటే సమాధికి పోతుందనీ టోర్రెస్ బదులిచ్చినట్లు అందులో ఉంది. టోర్రెస్ 1892 నవంబర్ 19న అల్మేరియాలో మరణించాడు.

ప్రభావం

వేళ్ళ కొనల స్పర్శను ఎవరికీ అప్పగించలేకపోయినా, టోర్రెస్ చేసిన గిటార్లే తరువాతి తరానికి పాఠాలయ్యాయి. మాడ్రిడ్‌లో మాన్యుయెల్ రామిరెజ్ కార్ఖానావారు, జర్మనీలో హెర్మన్ హౌసర్ ఈ నమూనాను అనుసరించారు. ఆంద్రే సెగోవియా వాయించిన 1912 నాటి రామిరెజ్ గిటారు, 1937 నాటి హౌసర్ గిటారు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. స్పెయిన్‌లో జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన గిటారు తయారీదారు హోసె రోమానిల్లోస్ టోర్రెస్ జీవితాన్నీ, మిగిలివున్న గిటార్లనూ పరిశోధించి 1987లో గ్రంథం వెలువరించాడు. నేటికీ శాస్త్రీయ గిటారును చేతితో తయారుచేసేవారు చాలావరకు టోర్రెస్ నమూనాతోనే పని మొదలుపెడతారు.