దిగే దారి చూపిన హెచ్. జూలియన్ ఆలెన్

రోదసికి ఎక్కడం ఒక ఎత్తు, ప్రాణాలతో తిరిగి దిగడం మరొక ఎత్తు. ఆ రెండవదానికి ఉపాయం లెక్కగట్టి చూపిన మహనీయుని జీవితాన్ని ఈ పండుగనాడు తలచుకొందాము.

హారీ జూలియన్ ఆలెన్ 1910లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జన్మించారు. స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగు చదివి, 1936లో నాకా అనే ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో చేరారు. 1940లో కాలిఫోర్నియాలోని ఏమ్స్ పరిశోధనాలయానికి మారారు. మిత్రులకు ఆయన హార్వీ.

వేగంగా పోయేదానికి ముక్కు సూదిగా ఉండాలని ఆనాటి పెద్దల నమ్మకం. కాని సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దిగేదాని శక్తి అంతా వేడిగా మారుతుంది. ఆ వేడి ఎవరి పాలు కావాలి? వస్తువు పాలా, గాలి పాలా? 1951–52 ప్రాంతంలో ఆలెన్ ఈ ప్రశ్న పట్టుకొన్నారు.

రైలు కిటికీ బయట చెయ్యి పెట్టరాదని మా రైల్వేవాళ్లమే చెబుతాము. అయినా పెట్టినవారికి తెలుసును: చెయ్యి నిలువుగా కోసుకుపోతే గాలి జారిపోతుంది, అరచెయ్యి అడ్డుపెడితే ఎదురుతన్నుతుంది. అలాగే మొద్దుముక్కు ముందు గాలి దట్టమైన అలగా నిలిచి, వేడిలో అధికభాగం తానే మోసుకుపోతుందని ఆలెన్, సహచరుడు ఎగర్స్ కొద్దిపాటి సమీకరణాలతో తేల్చారు. 1953లో రహస్యంగా ఉంచిన ఈ ఫలితం 1958లో బహిరంగ నివేదికగా వెలువడింది. 1962లో గ్లెన్, 1969లో చంద్రయాత్రికులు మొద్దు అడుగుగల గుళికల్లోనే క్షేమంగా దిగారు. ఆలెన్ 1965 నుండి 1969 వరకు ఏమ్స్‌కు డైరెక్టరుగా ఉండి, 1977లో కన్నుమూశారు.

ఆయన లెక్క వేడికి దారి చూపింది గాని, మొద్దుముక్కు చుట్టూ గాలి నడక అంతా చెప్పలేదు. అక్కడ గాలి ఒకచోట శబ్దంకన్న మెల్లగా, పక్కనే శబ్దాన్ని మించి పోతుంది. ఆ చిక్కును 1966లో మొరెట్టి, ఆబెట్ కంప్యూటరుతో విప్పారు. అయినా 1981లో ఇద్దరు మనుషులతో తొలి షటిల్ దిగుతున్నప్పుడు, తోక కింది పలకను అంచనాకు దాదాపు రెట్టింపు వంచవలసి వచ్చింది. మహావేగంలో, మహోష్ణంలో గాలి తీరును ముందుగా సరిగా పట్టుకోలేకపోవడమే కారణం. పలకకు ఇంకా వంగే వీలుండబట్టి వారు బ్రతికి బయటపడ్డారు. తరువాతి కంప్యూటరు గణన ఆ తేడాను వివరించింది.

మన శ్రీహరికోట నుండి 2014లో ఎగిరిన మనిషిలేని గుళిక కూడా మొద్దు అడుగుతోనే బంగాళాఖాతంలో దిగింది.

పదిమంది నమ్మినదైనా లెక్కవేసి చూడాలి, వేసిన లెక్కనూ మరల సరిచూడాలి. దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. ఆలెన్ జీవితం మన పిల్లలకు చెప్పేది ఇదే.