బక్కపలచని దేహంలో 220 రక్తపోటు: గాంధీజీ ఆరోగ్య చరిత్ర

1939లో గాంధీజీ ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 46.7 కిలోలు. బీఎంఐ 17.1, అంటే ఉండాల్సిన దానికన్నా తక్కువ. మాంసం, మద్యం, పొగాకు లేని జీవితం. రోజూ మైళ్ల కొద్దీ నడక. అయినా 1940 ఫిబ్రవరి 19న ఆయన రక్తపోటు 220/110గా నమోదైంది.

1869 అక్టోబర్ 2న పోర్‌బందర్‌లో పుట్టిన గాంధీజీ, లండన్‌లో లా చదివే రోజుల నుంచే ఆహారంపై ప్రయోగాలు మొదలుపెట్టారు. దక్షిణాఫ్రికాలో కస్తూర్బా జబ్బుపడినప్పుడు ఆమెను ఉప్పు, పప్పు మానమని చెప్పి, తానూ మానేశారు. 1914లో ప్లూరసీ, 1918లో తీవ్రమైన జిగట విరేచనాలు ఆయన్ను కుంగదీశాయి. పాలు తాగనన్న వ్రతం సడలించి మేకపాలకు ఒప్పుకున్నది ఆ తర్వాతే. 1924 జనవరిలో, ఎరవాడ జైలు ఖైదీగా ఉండగా, పుణెలోని ససూన్ ఆసుపత్రిలో అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగింది.

రక్తపోటు సంగతి బయటపడింది 1927 మార్చిలో. ఖాదీ ప్రచార యాత్రలో ఉండగా ఆయన కుప్పకూలారు. వైద్యులు పర్యటనలు ఆపించారు. బెంగళూరు దగ్గరి నంది కొండపై వారాల తరబడి విశ్రాంతి తీసుకున్నారు. మూడేళ్లకే, అరవై ఏళ్ల వయసులో, 24 రోజుల్లో సుమారు 385 కిలోమీటర్లు నడిచి దండి చేరారు. ఆ నడక చూసినవారెవరికీ ఆయన రక్తపోటు రోగి అన్న అనుమానం వచ్చి ఉండదు.

1937 అక్టోబర్ 26న రక్తపోటు 194/130కి చేరింది. కాంగ్రెస్ సమావేశాలు, రాజకీయ ఖైదీల విడుదలపై చర్చలతో కలకత్తాలో ఊపిరి సలపని రోజులవి. డిసెంబరులో బొంబాయి జుహూ తీరంలో మళ్లీ విశ్రాంతి. అప్పటికి రక్తపోటుకు నేటిలాంటి మాత్రల్లేవు. ఆయన సర్పగంధ చుక్కలు వాడారు. రక్తపోటుపై ఆ వేరు ప్రభావాన్ని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే ప్రకటించారు. రుస్తుం జాల్ వకీల్ దాన్ని ప్రపంచ వైద్యుల దృష్టికి తెచ్చింది 1949లో. అప్పటికి గాంధీజీ లేరు. 1948 జనవరి 30న, 78వ ఏట, తూటాలకు బలయ్యారు.

ఢిల్లీలోని జాతీయ గాంధీ మ్యూజియంలో భద్రంగా ఉన్న ఈ వైద్య రికార్డులను భారత వైద్య పరిశోధన మండలి 2019లో ప్రచురించింది. ఆయనకు మధుమేహం ఉందని చెప్పడానికి వాటిని ఆధారం చేసుకోలేం. సన్నగా ఉన్నంత మాత్రాన రక్తపోటు రాదనుకోవడం తప్పని మాత్రం అవి స్పష్టంగా చూపుతున్నాయి.

లోపలి కొవ్వు సంగతీ అంతే, తూకం చెప్పదు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటిష్ వైద్యుడు యూడ్‌కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమనే ఉదాహరణగా చూపారు. ఇద్దరి బీఎంఐ 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యూడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. భారతీయుల్లో బరువు పెద్దగా పెరగకుండానే మధుమేహం రావడానికి ఇదొక కారణం.

గాంధీజీ చుట్టూ తరచూ రక్తపోటు చూసే వైద్యులు ఉండేవారు కాబట్టి ఆ అంకెలు మిగిలాయి. బొజ్జ లేదు కదా అని పరీక్షలు వాయిదా వేసే సన్నటి మనుషులకు ఆ అవకాశం ఉండదు. పక్షవాతమో గుండెపోటో వచ్చాకే చాలామందికి తమ రక్తపోటు ఎంతో తెలుస్తుంది.