గుమాస్తా కోసం ఆసుపత్రి, చిన్నవాళ్ల కోసం ట్రస్టు

పోయిన సెమిస్టర్‌లో ఒక సీనియర్ మాట విని, స్కాలర్‌షిప్ డబ్బుల్లో మూడు వేలు ఒకే కంపెనీ షేర్లలో పెట్టాను. నెల తిరక్కుండానే సగమైపోయాయి. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఎక్కడ తప్పు చేశానా అని చదువుతుంటే ఫిలిప్ రోజ్ అనే లండన్ లాయర్ కథ దొరికింది.

రోజ్ 1816లో పుట్టారు. లాయర్‌గా ఇంకా కుదురుకుంటున్న రోజుల్లో ఆయన దగ్గర పనిచేసే గుమాస్తాకి క్షయ వచ్చింది. నయంకాని జబ్బు అని ఆసుపత్రులు చేర్చుకోలేదు. డబ్బున్నవాళ్లకైతే డాక్టరు ఇంటికే వస్తాడు, గుమాస్తాకి ఎవరు వస్తారు? రోజ్ తెలిసినవాళ్లందర్నీ కదిలించి, చందాలు పోగుచేసి, 1841లో క్షయ రోగుల కోసమే ఆసుపత్రి పెట్టించారు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు! అదే ఇవాళ్టి రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రి.

తర్వాత ఆయన పెద్ద లాయరయ్యారు. బ్రిటన్ ప్రధాని అయిన డిజ్రేలీకి కూడా ఈయనే లాయరు.

1868లో ఇంకో పని చేశారు. అప్పట్లో విదేశీ ప్రభుత్వాల బాండ్లకి వడ్డీ బాగా వచ్చేది, కానీ రిస్కూ ఎక్కువే. ధనవంతుడు పది దేశాల్లో పెట్టుకోగలడు. చిన్న మదుపరి ఒక్కదాంట్లో పెట్టి మునిగిపోతాడు, అచ్చం నాలాగే. అందుకని రోజ్, మరికొందరు కలిసి ఫారిన్ అండ్ కలోనియల్ ట్రస్టు మొదలుపెట్టారు. 85 పౌండ్లకి ఒక సర్టిఫికెట్ కొంటే ఈజిప్టు, టర్కీ, బ్రెజిల్, ఇటలీ... ఇలా చాలా దేశాల బాండ్లలో వాటా వచ్చినట్టే. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ లేకుండా డిజైన్ చేశారన్నమాట.

ఆ డిజైన్‌కి త్వరలోనే పరీక్ష వచ్చింది. 1875లో టర్కీ, 1876లో ఈజిప్టు అప్పులు కట్టలేక చేతులెత్తేశాయి. ట్రస్టు మాత్రం నిలబడింది. 1879లో ఒక కోర్టు తీర్పు ఇబ్బంది పెడితే కంపెనీగా మారింది.

రోజ్ 1883లో పోయారు. ఆ ట్రస్టు 1925లో షేర్లవైపు తిరిగింది. ఇప్పటికీ ప్రపంచమంతా వందలాది కంపెనీల షేర్లతో నడుస్తోంది.

ఒక్కడి వల్ల కానిది పదిమంది కలిస్తే అవుతుంది. ఆసుపత్రికైనా, ట్రస్టుకైనా ఆయన నమ్మింది అదే అనిపించింది నాకు. నష్టాలు అసలు రావని కాదు, ఒక్క నష్టానికే మనిషి మునిగిపోకూడదని. మిగిలిన పదిహేను వందలు ఏం చేయాలో తర్వాత చూస్తాను. ముందు ఈ ఆదివారం అమ్మకి నిజం చెప్పేస్తాను.