నూనె చుక్కతో పెనుగులాడిన వడ్రంగి

బాపట్ల, రేపల్లె ప్రాంతాలకు సముద్రపు ఉప్పుగాలి సోకుతూనే ఉంటుంది. తెనాలికి కాలువల చెమ్మ ఉన్నది. ఇచ్చట తండ్రులనాటి హెచ్.ఎం.టి. కీ వాచీని పెట్టెలో భద్రపరచుకొన్న ఉపాధ్యాయులు ఎందరో ఉంటారు. తీసి కీ ఇస్తే అది నడవదు. తరచుగా లోపల విరిగినదేమీ ఉండదు. ఇరుసులకు వేసిన నూనె ఎండి, బంకయై, దుమ్మును పట్టి చక్రాలను బిగించి ఉంటుంది. ఈ నూనెతోనే జీవితమంతా పెనుగులాడినవాడు జాన్ హారిసన్.

అతడు 1693లో ఇంగ్లండులోని యార్క్‌షైర్ సీమలో ఒక వడ్రంగికి జన్మించినాడు. తానూ వడ్రంగియే. ఇరువదేండ్లకే కొయ్య చక్రాలతో గడియారం నిర్మించినాడు. సుమారు 1722లో బ్రాకిల్స్‌బీ పార్కు అను జమీందారీ భవనానికి మరొకటి చేస్తూ, తనలోనే జిడ్డుగల ఒక కలపను ఇరుసుల చోట అమర్చి, నూనె అవసరమే లేకుండా చేసినాడు. అది నేటికీ నడుస్తున్నది.

ఆనాడు నడిసముద్రంలో రేఖాంశం కనుగొనడం నావికులకు సాధ్యమయ్యేది కాదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది గనుక, బయలుదేరిన రేవు కాలాన్ని తప్పక చూపే గడియారమున్న చాలును. దీనికై 1714లో పార్లమెంటు 20,000 పౌనుల బహుమతి ప్రకటించినది. హారిసన్ మొదటి ఓడ గడియారం 1735లో సిద్ధమైనది. బరువు సుమారు 34 కిలోలు. మూడవదానికి 19 ఏండ్లు పట్టినది. ఈ మూడింటికీ నూనె అక్కరలేదు. 1759లో పూర్తియైన నాలుగవది మాత్రం 13 సెంటీమీటర్ల వాచీ. అంత సన్నని ఇరుసులకు కెంపులు, వజ్రాలు పొదిగినను నూనె తప్పలేదు. జీవితమంతా వద్దనుకొన్నదానిని అరువదియారవ ఏట అంగీకరించుట చిన్న సాహసం కాదు.

1761లో జమైకాకు సాగిన ప్రయాణంలో, 81 దినాలలో ఆ వాచీ 5 సెకండ్లు మాత్రమే వెనుకబడినది. అయినను బహుమతి రాలేదు. ఒక్క వాచీ యాదృచ్ఛికంగా నెగ్గి ఉండవచ్చునన్న శంక అసమంజసం కాదు గాని, ముదుసలిని అన్నేండ్లు తిప్పుట న్యాయమూ కాదు. 1773లో పార్లమెంటు 8,750 పౌనులిచ్చినది. 1776లో అతడు మరణించినాడు.

పిమ్మట ఆ యంత్రాలు త్రుప్పుపట్టినవి. 1920లో రూపర్ట్ గౌల్డ్ అను నౌకాదళాధికారి వాటిని చూచి, 1933 వరకు విప్పి, శుభ్రపరచి, తిరిగి నడిపించినాడు. నేర్పుగల వాచీ పనివాడును పాత నూనెపై కొత్తది వేయడు. విప్పి, కడిగి, ఆరనిచ్చి, సూదిమొనతో రవంత అంటిస్తాడు.

నేడు గ్రీనిచ్‌లో మొదటి మూడును నడుస్తున్నవి. నాలుగవది నడిచినకొలది అరుగుతుంది గనుక దానిని ఆపియే ఉంచినారు.