బట్టీ చదువును ప్రశ్నించిన హైదరాబాదీ: డా. జాకిర్ హుసేన్

కంచన్‌బాగ్‌లో డి.ఆర్.డి.ఎల్., బి.డి.ఎల్., మిధాని వంటి సంస్థల గోడల వెనుక క్షిపణుల పని, వాటికి కావలసిన ప్రత్యేక లోహాల పని జరుగుతుంది. బట్టీ పట్టిన జవాబులతో జరిగే పని కాదది. ఆ గోడలకు ఇవతల మన ఇళ్లలో పిల్లలు గైడు ముందు పెట్టుకుని జవాబులు వల్లెవేస్తుంటారు. ప్రశ్నను కాస్త మార్చి అడిగితే నీళ్లు నములుతారు. చదువంటే ఇదేనా అని జీవితమంతా ఆలోచించిన మహనీయుడు ఒకరు మన నగరంలోనే జన్మించారు. ఆయన రాష్ట్రపతి అయ్యారన్న ఒక్క ముక్కను మాత్రం మన పిల్లలు జి.కె. పుస్తకంలో బట్టీ పట్టి ఉంటారు!

డా. జాకిర్ హుసేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో పుట్టారు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ ఇక్కడ న్యాయవాది. 1907లో ఆయన మరణించడంతో కుటుంబం ఉత్తరాదిన ఉన్న స్వస్థలం ఖాయంగంజ్‌కు తిరిగి వెళ్లిపోయింది. కొన్నేళ్లకే తల్లి కూడా ప్లేగు వ్యాధితో కన్నుమూశారు. జాకిర్ సాహెబ్ ఇటావాలోను, అలీగఢ్‌లోను చదివారు. 1920లో సహాయ నిరాకరణ పిలుపు విని అలీగఢ్ కాలేజీని వదిలి, జామియా మిల్లియా ఇస్లామియా స్థాపనలో పాలుపంచుకున్నారు. తర్వాత బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. అయితే జర్మనీలో ఆయన మనసును పట్టుకున్నది కెర్షెన్‌స్టైనర్ అనే విద్యావేత్త ఆలోచన. పిల్లవాడు పుస్తకం అప్పజెప్పే బడికి బదులు, చేతులతో పనిచేస్తూ నేర్చుకునే బడి కావాలన్నది దాని సారాంశం.

1926లో 29 ఏళ్ల వయసులో జామియా బాధ్యత స్వీకరించారు. సంస్థ అప్పుల్లో ఉంది. ఆయనా, సహ అధ్యాపకులూ నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా ఇరవై ఏళ్లు సేవ చేస్తామని ప్రతిన బూనారు. అక్కడి ప్రాథమిక పాఠశాలలో పిల్లలే దుకాణం, బ్యాంకు నడిపేవారు. లెక్క తప్పితే నష్టం ఎక్కడ వచ్చిందో వాళ్లే వెతుక్కోవాలి. ఎక్కాలు ఎందుకు నేర్చుకోవాలో మరొకరు చెప్పవలసిన అవసరం ఏముంది?

ఇక్కడ ఒక విషయం గమనించాలి. చేతిపని ఉంటే చాలు, అదే చదువు అని ఆయన అనుకోలేదు. ఏం చేయబోతున్నామో పిల్లవాడు ముందు ఆలోచించాలి, పద్ధతి నిర్ణయించుకోవాలి, చేయాలి, చివరకు తన పనిని తానే నిష్కర్షగా పరీక్షించుకోవాలి. ఈ నాలుగూ లేని పని ఆయన దృష్టిలో విద్య కాదు. దివ్య ఖుర్ఆన్‌ను హిఫ్జ్ చేయడం మనకు ఎంతో గౌరవప్రదమైనది. గైడులోని జవాబులకు ఆ గౌరవాన్ని అంటగట్టడం మాత్రం మాకు సమంజసంగా తోచదు.

1937లో వార్ధా సమావేశం తర్వాత ఏర్పడిన కమిటీకి ఆయన అధ్యక్షత వహించారు. మాతృభాషలో, ఒక వృత్తిపని ఆధారంగా, ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య ఉండాలని ఆ కమిటీ సూచించింది. ధార్మిక విద్యకు అందులో చోటు లేదని ముస్లింలలో పలువురు తీవ్రంగా విమర్శించారు. ఆ అభ్యంతరం తేలికగా కొట్టిపారేయదగినది కాదు. తీరా అమలులో చాలాచోట్ల ఆ విద్య కూడా యాంత్రికంగా నూలు వడకడంగా మిగిలిపోయింది. బట్టీ నోటి నుంచి చేతికి మారిందంతే! ఇది జాకిర్ సాహెబ్‌ను ఎంతగానో బాధించింది.

1967లో రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఢిల్లీలో జామియా ప్రాంగణంలోనే ఆయనను ఖననం చేశారు. 1935లో అక్కడ తొలి భవనానికి శంకుస్థాపన చేసింది ఏ నవాబో, నాయకుడో కాదు, ఆ బడిలో అందరికంటే చిన్న విద్యార్థి.