పర్యాయపద కోశకర్త రోజే

ఆంగ్లభాషయందు ఒక్క పదమునకు పెక్కర్థములును, ఒక్క యర్థమునకు పెక్కు పదములును గలవని చదువరులెరుగుదురు. లైట్ అను మాట వెలుగును చెప్పును, తేలికదనమునూ చెప్పును. ఫెయిర్ అనిన న్యాయమగును, సొగసగును, పచ్చని మేనిచాయ యగును, సంతయు నగును. ఇట్టి పదారణ్యమున బాటలు తీర్చినవాడు వైయాకరణుడు కాడు, వైద్యుడు. ఆయన నామధేయము పీటర్ మార్క్ రోజే.

రోజే 1779 జనవరి 18వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి జినీవానుండి వచ్చిన క్రైస్తవ మతాచార్యుడు. 1783లో, కుమారునికి ఐదేండ్లైనను నిండక మునుపే, క్షయవ్యాధిచే గతించెను. తల్లి కాథరిన్ బిడ్డలను వెంటబెట్టుకొని ఊరూర కాపురములు మార్చుచుండెడిది. తుదకు ఆమె మనస్సు చెదరెను. ఇట్టి నిలుకడలేని యింట పెరిగిన బాలుడు ఎనిమిదవ యేటనే లాటిను పదములను, వాని యింగ్లీషు అర్థములను వర్గములుగా పుస్తకమున నెక్కించుకొనజొచ్చెను. బ్రదుకున కొరవడిన క్రమము ఆ పుటలయందు లభించెను కాబోలు.

పదునాలుగవ యేట ఎడింబరో విశ్వవిద్యాలయమున ప్రవేశించి, 1798లో వైద్యపట్టము పొందెను. 1802లో మాంచెస్టరు నూలుమిల్లు యజమాని కుమారులిద్దరికి గురువై ఫ్రాన్సు, జినీవాలకు పయనమయ్యెను. మరుసటి యేడు మే మాసమున యుద్ధము తిరిగి రాజుకొనగా, నెపోలియన్ తన యేలుబడియందున్న ఆంగ్లేయ పురుషులను నిర్బంధింప నాజ్ఞాపించెను. జినీవా నాడు ఫ్రెంచివారి వశము. రోజేకు దిక్కు తోపలేదు. అప్పుడాయన తన తండ్రి ఆ పురమున పుట్టిన దాఖలాను వెదకి సంపాదించి, తానును ఆ పురపౌరుడే యని రుజువు పరచుకొని, చెర తప్పించుకొని జర్మను భూములకు చేరెను. జనన మరణముల లెక్కను చిన్నచూపు చూచువారు ఈ సంగతి గమనింతురు గాక.

1805లో మాంచెస్టరున వైద్యము చేయుచు, తన వ్రాతకోతల నిమిత్తమై సమానార్థక పదములను భావక్రమమున కూర్చి యొక చిన్న పుస్తకము వ్రాసికొనెను. అది అచ్చునకు వచ్చుటకు నలువదియేడేండ్లు పట్టెను. నడుమ ఆయన చేసిన పనులు పెక్కు. లెక్కలు తేల్చు జారుకొలబద్దకు క్రొత్త మెరుగు కల్పించి 1815లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. కటకటాల సందులనుండి చూచునపుడు బండిచక్రపు ఆకులు వంకరగా కన్పట్టుటకు హేతువు విమర్శించి 1824లో వ్యాసము వ్రాసెను. 1827 మొదలు 1848 వరకు ఆ సొసైటీకి కార్యదర్శి.

దుఃఖములును అంతే దట్టముగా వచ్చెను. మేనమామ శామ్యూల్ రొమిలీ ప్రసిద్ధ న్యాయవాది, మరణశిక్షలను తగ్గింప పోరాడిన ధర్మాత్ముడు. 1818లో భార్య చనిపోయిన కొన్ని దినములకే ఆయన తన కుత్తుక తాను కోసికొనెను. వైద్యుడగు మేనల్లుడు చెంతనుండియు బ్రదికింపలేకపోయెను. 1824లో పెండ్లాడిన మేరీ 1833లో పుట్టకురుపుచే కన్ను మూసెను. ఇద్దరు బిడ్డలు మిగిలిరి.

కార్యదర్శిత్వము వీడిన పిదప వృద్ధుడు పాతపుస్తకము తెరచెను. 1852లో, డెబ్బదిమూడవ యేట, థెసారస్ వెలువడెను. గ్రీకున ఆ మాటకు నిధి యని యర్థము. మన కోశ శబ్దమునకును బొక్కసమనియే గదా! సమస్త భావములను ఆరు తరగతులుగా, వేయి శీర్షికలుగా విభజించెను. ఉనికికెదుట లేమి యన్నట్లు విరుద్ధభావములను ప్రక్కప్రక్కనే నిలిపెను. నానార్థపదము తన యర్థములనుబట్టి వేర్వేరు శీర్షికలక్రింద కానవచ్చును. ఏ యర్థము ఏ సంఖ్యక్రింద నున్నదో చివరి యకారాదిపట్టిక చూపును. అర్థవివరణ మాత్రము లేదు. పదముల తారతమ్యమెరిగినవానికి అది కల్పవృక్షము, ఎరుగనివానికి చిక్కుడుపాదు.

తనకు పూర్వము ఇట్టి యత్నము చేసినవారిలో ప్రాచీనుడు అమరసింహుడని రోజే పీఠికయందు పేర్కొనెను. కోల్‌బ్రూకు దొర యాంగ్లార్థములతో కూర్చగా 1808లో శ్రీరాంపురమున అచ్చైన అమరకోశము ఆయన యెరుగును. అయితే అందలి విభాగము, విశేషించి మనోభావముల విషయమున, లోపభూయిష్ఠమని యాయన తీర్పు. ఆ తీర్పు పూర్తిగా నంగీకరింపదగినది కాదు. అమరము బాలురు కంఠస్థము చేయుటకై శ్లోకములలో అల్లబడినది. థెసారస్ బల్లపైనుంచి తిరుగవేయునది. పైగా నానార్థములకు అమరుడు మూడవ కాండమున వేరొక వర్గమునే కేటాయించెను.

రోజే జీవించియుండగనే ఆ గ్రంథము మరల మరల అచ్చయ్యెను. 1869 సెప్టెంబరు 12వ తేదీన, తొంబదియవ యేట, వెస్ట్ మాల్వర్నున ఆయన స్వర్గస్థుడయ్యెను. ఆయన స్వంతప్రతి అంచులనిండ తన చేతివ్రాతతో క్రొత్త పదములు క్రిక్కిరిసియుండెను. కుమారుడు జాన్ లూయీ వానిని ఏరి చేర్చి, 1879లో నూతన ముద్రణమును వెలువరించెను.